సాయంత్రం దించవలసిన జెండా

ఆగస్టు పద్నాలుగు, గురువారం. పొద్దున్నే తలుపు తీయగానే మొదటి ఆశ్చర్యం: ఎదురింటి మామ్మ మా మెట్ల కింద నిలబడి ఉంది. ఆమె భర్త, ఈ వీధిలో అందరం సరంగు తాతయ్య అని పిలుచుకునే ఆయన, మొన్న ఆదివారం తెల్లవారుతుండగా ఆసుపత్రిలో పోయారు. ఇవాళ ఐదో రోజు. ఈ ఐదు రోజుల్లో మామ్మ గడప దాటి రావడం ఇదే మొదలు. మైల ఉన్నవాళ్లు మరొకరి ఇంట్లో అడుగు పెట్టకూడదని ఆమె పట్టింపు. అందుకే పైకి రాకుండా మెట్ల కిందే ఆగి నన్ను పిలిచింది.

"రేపు జెండా నువ్వెగరెయ్యాలమ్మా," అంది. "పెద్దకర్మ అయ్యేదాకా మా ఇంట్లో ఎవులం దాన్ని ముట్టుకోకూడదు. మీరు మాకు సుట్టాలు కాదు గదా, నీకు మైల లేదు. తాడు సంగతి నీకు తెల్సు. ఆయనే నేర్పాడు."

ఎదురు వసారాలో మామ్మ కొడుకు పళ్లు తోముకుంటున్నాడు. నేను ఆయన్ని మావయ్య అంటాను. అక్కణ్ణించే అరిచాడు.

"జెండాకి మైలేంటమ్మా! దేశానికి కూడా మైల ఉంటాదా?"

మామ్మ వెనక్కి తిరగలేదు. "మీ నాన్న తానం సెయ్యకుండా దాన్ని ఎప్పుడైనా ముట్టుకున్నాడేట్రా?"

మావయ్య నోరు కడుక్కుని అన్నాడు: "ఠీక్ హై. ఈ ఒక్కసారీ కానీ. పెద్దకర్మ అయ్యాక ఆ కర్ర ఇక్కడుండదు. కోసేవాణ్ణి మాట్లాడేశాను. మా నాన్నని తినేసింది చాలు."

నేను సరే అనలేదు, కాదనలేదు. "సాయంత్రం వచ్చి చెప్తాను మామ్మా," అన్నాను. సిగ్గుపడుతున్నానని అనుకుందేమో, నా వైపు చూసి కొంచెం నవ్వి వెళ్లిపోయింది. ఆ నవ్వు పొద్దుటినుంచి నన్ను కూర్చోనివ్వడం లేదు.

మా తెలుగు సంఘం పత్రికలో తాతయ్య గురించి రాయమని పెద్దవాళ్లు నన్నే అడిగారు. ఆయన దగ్గర ఎప్పుడూ తిరుగుతూ ఉండేదాన్ని, పైగా కాలేజీలో తెలుగు పుస్తకాలు చదువుతానని పేరు. మూడు రోజులుగా రాశాను. రాసిన ప్రతి వాక్యమూ నిజమే. కానీ అందులో ఒక సాయంత్రం లేదు. ఆ సాయంత్రం లేకుండా ఇది చదివినవాళ్లకి తాతయ్య ఎలా పోయారో తప్పుగా తెలుస్తుంది. కాబట్టి మళ్లీ మొదటినుంచి రాస్తున్నాను.

ఓడలో డెక్ మీద పనిచేసే ఖలాసీలకి పెద్దని సరంగు అంటారు. తాతయ్య దీవుల మధ్య తిరిగే ఓడల్లో ఖలాసీగా చేరి, సరంగు అయి, రిటైర్ అయ్యారు. శ్రీకాకుళం వైపు తీరం నుంచి కుర్రవాడిగా వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో దిగినవారు మళ్లీ అటు వెళ్లింది రెండు మూడు సార్లే. అదే ఊళ్లోని ఆస్టినాబాద్‌లో మా రెండిళ్లూ ఏటవాలుగా దిగే వీధికి చెరోవైపు ఉంటాయి. జూన్ నుంచి నైరుతి గాలి నేరుగా వాళ్ల వాకిట్లోంచి మా వంటింట్లోకి వస్తుంది.

ఇంటింటికీ జెండా పెట్టమని అందరూ చెప్పిన ఏడాది నేను పదో తరగతి. వీధి అంతా జెండాలే. చీపురు కర్రకి ఒకరు, ప్లాస్టిక్ పైపుకి ఒకరు, డిష్ గొట్టానికి ఒకరు కట్టారు. ఒకటి వాన నీళ్ల డ్రమ్ములో వాలి ఉంది. తాతయ్య వసారాలో కూర్చుని అన్నీ చూసి, "కట్టినోళ్లంతా కట్టారు గానీ, దించేదెవుడే?" అన్నారు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

మనమూ పెడదామని వెంటపడింది నేనే. "తాతయ్యా, మన కర్ర అందరికంటే పొడుగ్గా ఉండాలి. జెట్టీ నుంచి కనపడాలి," అన్నాను.

"జెట్టీ నుంచి నిన్నెవుడు సూత్తాడే? ముందు కర్రని సూడకు బేటా. అది పడే సోటు సూడు."

వాకిలి మధ్య తాడు కొస ఒకటి పట్టుకుని ఆయన నిలబడ్డారు. రెండో కొస నా చేతికిచ్చి చుట్టూ తిరగమన్నారు. తాడు ఒకవైపు కరెంటు తీగ కిందికి వెళ్లింది. కుదించారు. ఇంకోవైపు పక్కింటి రేకుల కప్పుకి తగిలింది. మళ్లీ కుదించారు. చివరికి నేను దేనికీ తగలకుండా గుండ్రంగా తిరిగి రాగలిగినప్పుడు ఆ తాడు కొలిస్తే పదహారు అడుగులు. "ఇదే మన కర్ర. పడితే మన వాకిట్లోనే పడాల. పక్కోడి రేకు మీద పడితే అది జెండా కాదు, తగువు."

కర్ర కోసం బస్సులో ఊరి బయట ఉన్న సిప్పీఘాట్ వెళ్లాం. అక్కడ ఆయనకి తెలిసిన ఒకాయనకి పోకతోట ఉంది. తాతయ్య ఒక్కో మానునీ వేలి కణుపులతో కొట్టి, చెవి ఆనించి, కింద నుంచి పైకి చేత్తో తడిమి, వదిలేసి ఇంకోదాని దగ్గరికి వెళ్లేవారు. తోట యజమానికి నవ్వొచ్చింది. "చాచా, పెళ్లికూతుర్ని చూస్తున్నావా ఏంటి?" అన్నాడు హిందీలో. తాతయ్య కూడా హిందీలోనే, "పెళ్లికూతుర్నయితే ఇంతసేపు చూడనివ్వరు భయ్యా," అన్నారు. తిరుగు బస్సులో ఆ కర్రని ఎక్కించుకోలేదు, తోట యజమాని తన టెంపోలో పంపించాడు. బస్సులో నేను దాని గురించే మాట్లాడుతూ వచ్చాను.

ఆ పోకకర్ర ఒక్క వానాకాలం నిలిచింది. మొదలు సిమెంటులో పాతారు. సిమెంటుకీ కర్రకీ మధ్య నీళ్లు నిలిచి అడుగు కుళ్లింది. ఒకరోజు కర్ర ఊగుతుంటే తాతయ్య మొదలు దగ్గర కత్తి మొనతో పొడిచి చూశారు. మొన లోపలికి దిగిపోయింది. వెంటనే లేచి, వీధిలో అందరికీ వినపడేలా అరిచారు.

"తప్పు నాది! నీళ్లు నిలుత్తాయని తెల్సీ సిమెంటులో పాతేను. ఎవులూ ఇటు రాకండి!"

నాకు సిగ్గేసింది. ఎవరూ అడగలేదు, ఎవరికీ దెబ్బ తగలలేదు. అంత గట్టిగా ఎందుకని అడిగాను.

"డెక్ మీద తప్పు సేసినోడు ముందు అరవాల. సిగ్గుపడి ఊరుకుంటే ఇంకొకడి సెయ్యి పోద్ది."

ఆయన ఓడలో ఇది చట్టంలాంటిదట. తాడు తప్పు చోట చుట్టినవాడు, కొక్కెం సరిగా వేయనివాడు, ఎవరైనా సరే, గమనించిన క్షణమే తన పేరు తనే అరిచి చెప్పాలి. అలా అరిచినవాణ్ణి ఆ రోజంతా ఎవరూ ఏమీ అనకూడదు. తిట్లు ఏమైనా ఉంటే మర్నాడు.

రెండో కర్ర ఇనుప పైపు. మావయ్య తెచ్చాడు. "ఇది వాటర్ పైపురా, ఇందులోంచి నీళ్లు రావాల గానీ జెండా రాకూడదు," అని తాతయ్య రెండు రోజులు దాన్ని ఆడిపోసుకున్నారు. తర్వాత తనే ఉప్పుగాలికి తట్టుకునే ఓడ రంగు మూడు పూతలు వేశారు. మొదలు ఈసారి పాతలేదు. నేలలో రెండు ఇనుప బద్దలు నిలబెట్టి, వాటి మధ్య కర్రని పెట్టి రెండు బోల్టులు బిగించారు. పై బోల్టు తీస్తే కింది బోల్టు మీద కర్ర మెల్లగా నేలకి వాలుతుంది. తుఫాను హెచ్చరిక వస్తే పడుకోబెట్టవచ్చు. మొదటిసారి ఆ పని నా చేతే చేయించారు. బరువు భుజం మీదికి వస్తుంటే భయపడ్డాను. పక్కన నిలబడి చేయి మాత్రం వేయలేదు. కర్ర నేలని తాకాక అన్నారు: "ఒక్క మనిషి దించలేని కర్ర ఇంటికొద్దు."

ఆ తర్వాత జెండా ఎత్తని రోజు లేదు. పొద్దున స్నానం చేసి చకచకా ఎత్తేవారు. సాయంత్రం నెమ్మదిగా, ఒక చేతి తర్వాత ఒక చేయి మార్చుకుంటూ, నేలకి తగలకుండా దించేవారు. మాకు ఐదున్నర దాటితే వెలుతురు తగ్గిపోతుంది, కాబట్టి టైము చూసుకోనక్కర్లేదు, ఆకాశాన్ని చూస్తే చాలు. ఇంటి మీద జెండా రాత్రి కూడా ఉంచవచ్చని రూలు మారిందని ఒకసారి నేను పేపరు చదివి వినిపించాను. "ఉంచొచ్చంటే ఉంచమని కాదు," అన్నారు. "పొద్దున్న లేపినోడు సాయంత్రం పడుకోబెట్టాల."

మొదట్లో గాలికి తాడు పైపుకి కొట్టుకుని టక్ టక్ మని చప్పుడయ్యేది. మా అమ్మ ఒక పొద్దున్న వెళ్లి, "తాతయ్యా, మీ జెండా మమ్మల్ని నిద్రపోనివ్వట్లేదు," అంది.

"జెండా దించేసే ఉంది కదమ్మా. అది తాడు. జెండా ఎప్పుడూ ఎవుర్నీ లేపలేదు," అని నవ్వి, ఆ రోజే తాడుని పక్కకి లాగి కంచె గుంజకి కట్టే అలవాటు చేసుకున్నారు.

ఆ తాడు దగ్గరే నాకు మాటల మీద ప్రేమ పుట్టింది. ఇంట్లో తెలుగు మాట్లాడతాం గానీ అందులో సగం హిందీ. నాకు తాళ్లన్నీ రస్సీలే. ఒకరోజు "తాతయ్యా, ఆ రస్సీ ఇవ్వండి," అంటే కదలకుండా కూర్చున్నారు.

"ఏ రస్సీ? ఇక్కడ నాలుగున్నాయి."

లావుగా ఓడని కట్టేది మోకు. బావిలో వేసేది చేంతాడు. దూడకి కట్టేది పలుపు. అన్నింటిలోనూ మెలిక ఉంటుంది, దాన్ని పురి అంటారు. పురి విప్పితే లోపల పేటలు ఉంటాయి, జెండా తాడులో మూడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి ఒక నోట్‌బుక్కులో ఐదు మాటలూ రాసుకున్నాను. తర్వాత ఆ నోట్‌బుక్కు పెరిగింది. తాతయ్యకి తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు, రాయడం సరిగ్గా రాదు. నేను రాసింది చూపిస్తే వేలు పెట్టి ఒక్కో అక్షరమూ దాటుకుంటూ వెళ్లి, "ఇది నేనన్న మాటేనా! కాగితం మీద కొత్తగా ఉందే," అనేవారు.

ఆయనతో ఒకే ఓడలో పనిచేసిన ఒకాయన మా వీధిలోనే పోయినప్పుడు, జెండా సగానికి దించమని కొందరు అడిగారు. తాతయ్య ఒప్పుకోలేదు. "సగంలో నిలపమని చెప్పాల్సింది ఢిల్లీ. అది మన ఇంటి కర్ర మీద ఉంది గానీ మన ఏడుపుకి పెట్టుకున్నది కాదు. ఏడవాలంటే ఆడింటికెళ్లి ఏడుద్దాం పదండి," అన్నారు. వెళ్లారు కూడా. పాడె మోసి వచ్చి, స్నానం చేసి, సాయంత్రం జెండా దించారు.

ఇప్పుడు నేను రాయకుండా వదిలేసిన భాగం.

పోయిన ఏడాది నుంచి తాతయ్యకి మోకాలు ముడవడం కష్టమైంది. పొద్దున ఎత్తడం ఆయన చేసేవారు, మామ్మ పక్కన ఉండేది. సాయంత్రం మెట్లు దిగి పాకుడు పట్టిన వాకిట్లోకి రావడం మాత్రం మాన్పించాలని ఇంట్లో అందరూ పట్టుబట్టారు. అప్పుడు ఆయనే నన్ను పిలిచి, "సాయంత్రం డ్యూటీ నీది," అన్నారు. నాకు ఎంత గర్వమంటే, కాలేజీలో అందరికీ చెప్పుకున్నాను. పది నెలలు ఒక్కరోజు తప్పలేదు. ఊరికి వెళ్లాల్సి వస్తే ముందే మావయ్యకి చెప్పేదాన్ని.

జూలైలో ఒక సాయంత్రం నేను టౌనులో లైబ్రరీలో ఉన్నాను. ఎవరూ ముట్టుకోని తెలుగు అర ఒకటి అక్కడ ఉంది. అందులో ఒక పాత నిఘంటువు దొరికింది. గాలుల పేర్లు వెతకడం మొదలుపెట్టాను. ఒక మాట ఇంకో మాట దగ్గరికి పంపింది, అది ఇంకోదాని దగ్గరికి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి బ్యాగులో వేశాను. ఐదు గంటల బస్సుకి బయలుదేరాలని గుర్తుంది. ఇంకొక్క పేజీ అనుకోవడం కూడా గుర్తుంది.

వాన చప్పుడుకి తలెత్తాను. కిటికీ బయట నల్లగా ఉంది. ఫోన్ తీస్తే తాతయ్య నుంచి రెండు మిస్డ్ కాల్స్.

నేను ఇల్లు చేరేసరికి ఆరున్నర. ఎదురింట్లో ఎవరూ లేరు, తలుపు దగ్గరికి వేసి ఉంది. జెండా కర్రకి సగంలో ఆగి, తడిసి పైపుకి అతుక్కుని ఉంది. తాడు గుంజ మీంచి జారి నీళ్లలో పడి ఉంది. కర్ర పక్కన ఒక చెప్పు. మా అమ్మ గొడుగు పట్టుకుని పరిగెత్తుకొచ్చి, "తాతయ్య జారి పడ్డారే, తుంటి ఎముక విరిగిందంటున్నారు, ఆసుపత్రికి తీసుకెళ్లారు," అంది. నేను ఎక్కణ్ణించి వస్తున్నానని ఆ గొడవలో ఆమె అడగలేదు. నేను జెండాని దించాను. మా ఇంట్లో ఫ్యాను కింద ఆరేశాను.

మర్నాడు వార్డులో మంచం కాళ్ల వైపు నేను, తల వైపు మామ్మ. మావయ్య నిద్ర లేని కళ్లతో తండ్రి మీద కోప్పడుతున్నాడు.

"ఆ పిల్ల దించుతాది కదా నాన్నా! నువ్వెందుకెళ్లావు? ఎవరు వెళ్లమన్నారు?"

నేను నోరు తెరిచాను. తాతయ్య నా వైపు చూడలేదు. పైన తిరుగుతున్న ఫ్యానుని చూస్తూ అన్నారు:

"నేనే దాన్ని రావద్దన్నాను. వాన పట్టింది, టౌనులోనే ఆగమని ఫోన్ సేసి సెప్పేను. నేను దించుకుంటానన్నాను."

ఫోన్ చేసిన మాట నిజం. మిగతాది కాదు. ఆయన నోటి నుంచి నేను విన్న అబద్ధం అదొక్కటే.

"దేఖో! ఎంత మొండితనం," అని మావయ్య మామ్మ వైపు తిరిగాడు. మామ్మ కళ్లు తుడుచుకుని, "ముసిలాడికి ఆ జెండా తప్ప ఇంకేటీ అక్కర్లేదు," అంది. నేను అక్కడే నిలబడ్డాను. తెరిచిన నోరు మూసుకున్నాను. అరవాల్సిన క్షణం అదే. నాకు తెలుసు. ఆయనే నేర్పారు. అయినా ఆయన ఇచ్చిన అబద్ధం చాటున నిలబడిపోయాను. ఆ చాటు ఎంత హాయిగా ఉందో రాయడానికి సిగ్గుగా ఉంది.

రోజూ వెళ్లేదాన్ని. ఒక మధ్యాహ్నం మామ్మ కింద మందులు తేవడానికి వెళ్లినప్పుడు ఇద్దరమే ఉన్నాం. "తాతయ్యా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను.

"జెండా ఆరేశావా?" అన్నారు.

"ఆరేశాను."

"ఎండలో కాదు గదా? రంగు పోద్ది."

"ఫ్యాను కింద ఆరేశాను."

"బస్. అయిపోయింది," అని కళ్లు మూసుకున్నారు. నిద్రపోలేదు. ఊపిరి చూస్తే తెలిసింది. నన్ను మాట్లాడనివ్వకూడదని అలా పడుకున్నారని ఇప్పుడు అనుకుంటున్నాను. అది దయో, నా మీద దిగులో, నేనే ధైర్యం తెచ్చుకుని ఆయన్ని దాటి మాట్లాడతానేమో అని చూశారో నాకు తెలియదు. నేను మాట్లాడలేదు. మంచానికే అతుక్కుపోయిన మనిషికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. నాలుగో వారంలో పోయారు.

ఆయన పడిన రోజు నుంచి కర్ర ఖాళీగా ఉంది. జెండా మా ఇంట్లోనే, నా బట్టల అరలో, మడత మీద ఉంది. మావయ్య వచ్చేపోయే అందరికీ కర్రని చూపించి, "ఇదే. దీనివల్లే," అంటున్నాడు. మామ్మ తాతయ్య మొండితనం గురించి చెప్పి ఏడుస్తోంది. ఆ రెండు మాటలూ నా ముందే జరుగుతున్నాయి. చనిపోయిన మనిషి మీద ఆయన చేయని తప్పు ఉంది. ఆయన కొలిచి, రంగు వేసి నిలబెట్టిన కర్ర మీద దాని తప్పు కానిది ఉంది. నా మీద ఏమీ లేదు. పైగా ఇవాళ పొద్దున్న, రేపు జెండా ఎగరేసే గౌరవం కూడా నాకే వచ్చింది.

ఇక్కడిదాకా మధ్యాహ్నం రాశాను. తర్వాత నాలుగున్నరకి జెండా తీసుకుని ఎదురింటికి వెళ్లాను. కిందిది అక్కడ జరిగింది.

మామ్మ వసారాలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మావయ్య పెద్దకర్మకి ఎవరెవరిని పిలవాలో కాగితం మీద రాస్తున్నాడు. నన్ను చూసి మామ్మ, "ఏటమ్మా, ఎగరేత్తావు గదా?" అంది. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"తప్పు నాది మామ్మా," అన్నాను. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "తాతయ్య నన్ను రావద్దని చెప్పలేదు. ఫోన్ చేశారు, నేను తీయలేదు. లైబ్రరీలో పుస్తకం చదువుతూ డ్యూటీ మర్చిపోయాను. నేను రాలేదని ఆయన దిగారు. ఆసుపత్రిలో నా కోసం అబద్ధం చెప్పారు. నేను పక్కనే ఉండి ఊరుకున్నాను."

మావయ్య పెన్ను కింద పెట్టాడు. "ఫిర్ సే బోల్," అన్నాడు. మళ్లీ చెప్పాను.

"నెల రోజులు," అన్నాడు. "నెల రోజులుగా నేను ఆ పైపుని తిడుతున్నా. మా నాన్నని తిట్టా. ఆఖరి రోజు కూడా తిట్టా. 'నీ మొండితనం వల్లే ఇలా పడున్నావు' అని మొహం మీదే అన్నా. నువ్వక్కడే ఉన్నావు. ఉన్నావా లేదా?"

"ఉన్నాను."

"ఆయన విన్నాడు. విని ఏం అనలేదు." మావయ్య లేచి నిలబడ్డాడు, ఎటు వెళ్లాలో తెలియనట్టు ఒక క్షణం చూసి, చెప్పులు లేకుండానే వాకిట్లోకి దిగాడు. కర్ర దగ్గర ఆగాడు. దాన్ని ముట్టుకోలేదు. మాకు వీపు చేసి నిలబడిపోయాడు.

మామ్మ చీర కొంగు చివర వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. ఆమె ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"ఆయన నాతో అబద్ధం ఆడేడన్నమాట," అంది చివరికి. "నలభై ఏళ్లలో ఆడలేదు. తాగొచ్చినా తాగేనని సెప్పేవోడు. నీ కోసం ఆడేడు."

"మామ్మా..."

"ఉండు. అప్పుడే సెప్పుంటే నిన్ను తిట్టుందును. జుట్టు పట్టుకుని తిట్టుందును. తర్వాత మర్సిపోయుందును, సిన్నపిల్లవి గదా. ఆయన ఆ దారి మూసేసేడు. నువ్వూ మూసేసేవు. ఇప్పుడు నేనేటి సెయ్యాల? పోయినోణ్ణి తిట్టనా? నిన్ను తిట్టనా?"

జెండాని ఆమె పక్కన పెట్టబోయాను. "నేను ముట్టుకోనన్నాను గదా," అంది వెంటనే, కటువుగా. నేను దాన్ని మళ్లీ గుండెకి ఆనించి పట్టుకున్నాను.

"నన్ను ఎగరేయమనడం వద్దనిపిస్తే చెప్పండి మామ్మా. ఇంకెవరినైనా పిలుద్దాం. జెండా వాళ్లకి ఇస్తాను, తాడు ఎలా కట్టాలో చూపిస్తాను."

"వద్దో కావాలో నాకే తెల్దు." ఆమె నా మొహంలోకి చూసింది. పొద్దుటి నవ్వు లేదు. పరాయి ఇంటి మనిషిని చూసినట్టూ లేదు. "ఇప్పుడు నాకు ఒళ్లంతా కోపంగా ఉంది. రేపటికి తగ్గుద్దో లేదో. తెల్లారి ఆరింటికి రా. గేటు తీసుంటే లోపలికొచ్చి నీ పని సేసుకో. మూసుంటే పిలవకు, తట్టకు. ఇంటికెళ్లిపో."

వాకిట్లోంచి వస్తుంటే మావయ్య పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు. కోసేవాడికి ఏం చెప్తాడో నేను అడగలేదు.

ఇప్పుడు ఏడు గంటలు. జెండాని ఒకసారి విప్పి, ఎక్కడా చిరుగు లేదని చూసి, మళ్లీ మడత పెట్టాను. అమ్మకి అంతా చెప్పాను. అమ్మ కోప్పడి, తర్వాత నా నోట్‌బుక్కు పక్కకి తీసి అన్నం కంచం పెట్టింది. ఈ రాసింది పత్రికవాళ్లు వేస్తారో లేదో తెలియదు. వేస్తే ఒక్క అక్షరం మార్చవద్దని అడుగుతాను. రేపు ఐదింటికి లేచి స్నానం చేస్తాను. ఆరింటికి జెండా తీసుకుని వీధి దాటి వెళ్లి, వాళ్ల గేటు ముందు నిలబడతాను. పిలవను, తట్టను.